కోళ్ళ దాణా పేపరు

ఆదివారం పొద్దున, తార్నాకలో వైదేహి ఇల్లు. ఆమె రిటైరైన న్యూరోసైన్స్ ప్రొఫెసర్. ఎదురుగా కూర్చున్నది ఆమె దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు క్యాంపస్‌లో ఆ డిపార్ట్‌మెంటుకే హెడ్ అయిన వెంకటసాయి.

“కోళ్ళ దాణా మీద రాసిన పేపర్లో నా పేరెందుకుందో చెప్పు, సాయీ.”

“ఏ కోళ్ళు మేడం?”

“ఫారం కోళ్ళు. మొక్కజొన్న ఎంత, నూక ఎంత అని రాశారు. కింద రిఫరెన్సుల్లో పద్నాలుగోది నాది. ఎలుకలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయో రాసిన పేపరు.”

“ఎవరో పొరపాటున పెట్టుంటరు.”

“బోరునీళ్ళ ఫ్లోరైడ్ మీద రాసినవాళ్ళూ పొరపాటునే పెట్టారా? సిమెంటు ఇటుకలవాళ్ళో?”

“మేడం, ముందు టిఫిన్ చేద్దాం. హబ్సిగూడ నుంచి ఇడ్లీ తెచ్చిన. చల్లారుతది.”

“చల్లారనీ. వారం నుంచి ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను. రెండేళ్ళ కిందట నా సైటేషన్లు ఆరు వందలు. ఇప్పుడు రెండు వేల మూడొందలు. మన పేపరు చదివి, దాని ఆధారంగా తమ పని చేసి, కింద మన పేరు రాస్తే దాన్ని సైటేషన్ అంటారు. వీళ్ళలో ఒక్కరైనా నా పేపరు తెరిచారా?”

“తెరవలే.”

“నీ పనేనా?”

“నా ఒక్కనిది కాదు. పన్నెండు కాలేజీలు. వాట్సాప్ గ్రూపు ఉన్నది. నెలకోసారి మా అందరి పేపర్ల లిస్టు వస్తది. ఎవరు ఏ పేపర్ రాసినా ఆ లిస్టులవి నాలుగు పెట్టాలె. అంతే.”

“అంతేనా?”

“మీకోసమే చేసిన మేడం. రిటైరయినంక మీకు ల్యాబ్ ఉంచాల్నా వద్దా అని కమిటీ కూసున్నది కదా. మీరేం కనుక్కున్నరని ఒక్కరు అడగలే. నంబర్ ఎంత అన్నరు. ఆరు వందలంటే ఆ గది గుంజుకుంటుండె.”

“గుంజుకోనివ్వాల్సింది. నీ నంబరెంత ఇప్పుడు?”

“అదెందుకు మేడం?”

“చెప్పు.”

“తొమ్మిది వేలు.”

“ఛీ.”

“అందరు చేస్తున్నరు. నేనొక్కన్నేనా?”

“ముప్పై ఏళ్ళు ఎలుకల తలలు కోశాను. ఎంత కడుక్కున్నా ఆ వాసన చేతులకి వదిలేది కాదు. అన్నం సహించేది కాదు. అప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. దసరాకి మా చెల్లెలికి, పక్కింటి శ్యామలాంబగారికి ఫోన్లో ఆ నంబరు చూపించాను, తెలుసా? ముసలితనంలో గుర్తింపు వచ్చిందని మురిసిపోయాను.”

“గుర్తింపే కదా మేడం.”

“కోళ్ళ దాణావాళ్ళ గుర్తింపు. కమిటీకీ, జర్నల్స్‌కీ ఉత్తరం రాశాను.”

“పంపకండి. ల్యాబ్ పోతది. ధరణి థీసిస్‌కు ఇంకా ఏడు నెలలున్నది. అంబర్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వస్తది ఆ పిల్ల. ఆమేం పాపం చేసింది?”

“నిన్న ధరణితో మాట్లాడాను. వేరే గైడ్ దగ్గరికి మారుతుంది. ఏడు నెలలు కాస్తా ఏడాదిన్నర అవుతుందని చెప్పాను. కాసేపు ఏడ్చింది. ఏడ్చి, రాయండి మేడం అంది.”

“నా ఉద్యోగం పోతది.”

“పోవచ్చు.”

“గట్లంటరేంది? మీ దగ్గర నేర్చుకున్నోన్ని నేను.”

“దొంగతనం నేను నేర్పలేదు.”

“నేర్పిండ్రు.”

“ఏమన్నావు?”

“మన రెండో పేపర్ మేడం. జర్నల్ తరఫున దాన్ని పరిశీలించేటాయన, తన పేపర్లు పదకొండు రిఫరెన్సుల్ల పెడితేనే ఒప్పుకుంట అన్నడు. చదివి పెడత మేడం, రెండు వారాలియ్యండి అన్న నేను. ఎవరు చూస్తారురా, పేర్లు ఎక్కించెయ్ అన్నరు మీరు. నాకప్పుడు ఇరవై నాలుగేండ్లు. మీరన్నరంటే అది కరెక్టే అనుకున్న. మీకు యాదికి లేదు.”

“ఉంది సాయీ. ఉత్తరం ఆ పదకొండుతోనే మొదలుపెట్టాను. పొద్దున్నే పంపేశాను. మన పేపర్లన్నిట్లో మొదటి పేరు నీది. ఆ ఉత్తరంలో మాత్రం నాది.”