ఎమెట్ కళ్ళజోడు

ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు మార్నీ. ఓడని జట్లు మూడు, కాలేజీ ఫుట్‌బాల్ ఆఖరి ఆటలో చోట్లు రెండు, ఎవర్ని తీసెయ్యాలని పొద్దుట్నుంచీ నలుగురు కోట్లేసుకుని కొట్టుకు చస్తున్నారు. ఏదో ఇప్పుడే పుట్టిన తగువైనట్టు. నేను దీన్ని పంతొమ్మిదొందల నలభై తొమ్మిదిలోనే చూశాను. మీ తాత, మా తమ్ముడు లాయిడ్ మోకాలు బాగున్న ఏడు. మీ ఇంట్లో అల్మరాలో పతకం ఉంటుంది చూడు, దేశంలో రెండో జట్టని, ఆ, అదే. వాడు ఉండగా నోరు విప్పలేకపోయాను. ఇప్పుడు వాడూ లేడు, నాకా ఎనభై దాటాయి. కూర్చో. ఆ కేకు ముక్క ఇటు జరుపు.

ఎమెట్ ప్రూయిట్ అని మనూరి పేపర్లో ఆటల సంగతులు రాసేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. బక్కమనిషి, బుగ్గన ఎప్పుడూ ఓ లవంగం. కళ్ళు మాత్రం గద్ద కళ్ళే. మైదానం ఈ కొసన కూర్చుని ఆ కొసన ఎవడి బూటు లేసు ఊడిందో చెప్పేవాడు. ఏం చెప్తున్నాను, ఆ, ఓట్లు. అప్పట్లో చిన్న కాలేజీలకి ఆఖరి ఆట ఎవరాడాలో పేపర్ల వాళ్ళే ఓట్లేసి తేల్చేవాళ్ళు. దేశం మొత్తమ్మీద ఇరవై మంది, అందులో ఎమెట్ ఒకడు. మొదట రాసిన జట్టుకి పది మార్కులు, రెండోదానికి తొమ్మిది, మూడోదానికి ఎనిమిది. పైనొచ్చిన ఇద్దరూ క్రిస్మస్ వారంలో టెక్సాస్‌లో తలపడాలి. మొదటి చోటు ఆ టెక్సాస్ కాలేజీ వాళ్ళకే ఖాయం. రెండోది మీ తాత ఆడే మన డార్వెల్ కాలేజీకా, కొండల్లో బొగ్గుగనుల దగ్గరున్న స్లేట్‌ఫోర్క్ వాళ్ళకా అన్నదే పేచీ. ఇద్దరూ తొమ్మిదికి తొమ్మిదీ నెగ్గారు మరి. మంగలి హార్వీ షాపులో గడ్డాలు సగంలో ఆపి మరీ వాదించుకునేవాళ్ళు. "ఆ కొండోళ్ళు ఓడించిందెవర్నయ్యా, గొర్రెల్నా?" అని హార్వీ. ఎమెట్ లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి, "మనం ఓడించిందెవర్ని హార్వీ? పంతుళ్ళ ట్రైనింగ్ కాలేజీ వాళ్ళు బంతి ఎవడి దగ్గరుందో తెలీక రిఫరీ మీద పడ్డారు. ఓడకపోతే చాలదు, ఎవరి చేతిలో ఓడలేదో చూడాలి" అనేవాడు. ఊళ్ళో పుట్టి ఊరికి ఓటెయ్యడానికేం నొప్పిరా అని అందరూ గుర్రుగా ఉండేవాళ్ళు. వాడిదొకటే పట్టు, కంటితో చూడని జట్టుకి ఓటెయ్యడు. అందుకని సెలవు పెట్టి రైలెక్కి స్లేట్‌ఫోర్క్ వాళ్ళ తొమ్మిదో ఆట చూడ్డానికి పోయాడు.

నేనప్పుడు స్టేషన్లో టెలిగ్రాఫ్ గుమాస్తాని కదా. ఓట్లు ఆదివారం తంతి మీదే పోవాలి. మధ్యాహ్నం రైలు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు, బూట్లకి ఇంకా నల్ల బురద. తన ఓటు గురించి ఎప్పుడూ పెదవి విప్పని మనిషి, ఆ రోజు ఆగలేకపోయాడు. "పద్నాలుగు మందేరా వర్జిల్, మార్చడానికి మనుషుల్లేరు. బంతి చంకనెట్టుకున్న అవతలివాణ్ణి ముగ్గురు మీదపడి పడేస్తారు, మళ్ళీ వాళ్ళే చెయ్యిచ్చి లేపుతారు. విరామంలో మంచు ఊడ్చుకున్నదీ వాళ్ళే" అన్నాడు. కాగితం ఇచ్చి, నిద్రొస్తోందని ఇంటికి పోయాడు. చూశాను. టెక్సాస్, స్లేట్‌ఫోర్క్, మూడోది మనం.

ఆ పొద్దున్నే మీ తాత వచ్చాడు నా దగ్గరికి. "అన్నా, నేనెప్పుడూ ఈ రాష్ట్రం దాటలేదు" అన్నాడు. అంతే. నన్నేమీ అడగలా, వాడి మీద పెట్టకు. రెండో పేరూ మూడో పేరూ తారుమారు చేసి కొట్టాను. వేళ్ళు జారాయని చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జారలా.

లెక్క తేలితే మనకి స్లేట్‌ఫోర్క్ కంటే ఒక్క మార్కు ఎక్కువ. ఉన్నదున్నట్టు కొట్టి ఉంటే ఒక్క మార్కు తక్కువ. ఊరంతా బ్యాండు. హార్వీ ఎమెట్‌ని కావిలించుకుని ఏడ్చాడు, వాడేమో బిత్తరపోయి నిలబడ్డాడు. టెక్సాస్‌లో నలభై ఒకటీ సున్నా, చిత్తుగా ఓడాం. మీ తాత మోకాలు పోయిందీ ఆ ఆటలోనే. అయినా ఆ కాలితోనే యాభై ఏళ్ళు కుంటుతూ వారం వారం పతకం తుడుచుకున్నాడు, ఇంక నేనేం చెప్పను? స్లేట్‌ఫోర్క్ వాళ్ళు మళ్ళీ అలాంటి ఏడు చూళ్ళేదు. గని మూతపడింది, కాలేజీ మూతపడింది. వాళ్ళు వెళ్ళుంటే ఏం చేసేవాళ్ళా అని నాకిప్పటికీ... నెగ్గేవాళ్ళంటావా? ఆ పద్నాలుగు మందీనా?

ఆఁ, ఎమెట్. జనవరిలో ఎవరి ఓటు ఎవరికో రాసిన పట్టిక పోస్టులో వచ్చినట్టుంది, తెచ్చి నా బల్ల మీద పరిచాడు. తన పేరు పక్కన వేలు పెట్టాడు. నేను గడియారంకేసి చూస్తూ కూర్చున్నా. "లాయిడ్ మోకాలెలా ఉంది?" అన్నాడు. వాచిందన్నాను. "ఐసు పెట్టమను" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ శీతాకాలం ఓటు వదిలేసుకున్నాడు. ఎందుకురా అంటే, కళ్ళు మసకబారాయి, చూపు ఆనని వాడు ఓటెయ్యకూడదు అన్నాడు. కళ్ళజోడొకటి తెచ్చుకున్నాడు. "గుడ్డోడా, ముందే తెచ్చుకోవాల్సింది, డార్వెల్ మొదటి చోటుకే పోయేది" అని హార్వీ రోజూ వేళాకోళం. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ జోడు తియ్యలా.

పోయాక దాన్ని వాళ్ళ చెల్లెలు ఐడా తెచ్చిచ్చింది, నీకిమ్మన్నాడు అని. ఈ కిటికీ దగ్గరే నిలబడి పెట్టుకున్నాను. అవతల స్టేషను బోర్డు పెద్దదీ కాలా, చిన్నదీ కాలా. ఆ జోడులో ఉన్నది ఉత్త కిటికీ అద్దం, మార్నీ.

గొంతు పెంచు, పెంచు. ఎవర్ని తీసేశారో చెప్తున్నాడు.