ఎడమ వైపు బెత్తెడు

(ఇరుకు వీధి మలుపు. ఇల్లంత ట్రాన్స్‌ఫార్మర్‌ని మోస్తున్న పొడుగాటి ట్రైలర్. స్టీరింగ్ దగ్గర మేనమామ, ఎడమ కిటికీ పక్కన పని నేర్చుకుందామని వచ్చిన మేనల్లుడు.)

“‘చాలా ఉంది’ అంటే ఎంతరా? నీ తలకాయలో ఉన్నంత ఖాళీనా?”

“ఎడమ వైపు బోలెడు చోటుంది మామయ్యా. అదే చెప్పా.”

“బోలెడు, చాలా, కాస్త... కూరగాయలు బేరమాడుతున్నావా? మూరెడా, జానెడా, బెత్తెడా? ఈ లోడు దగ్గర ఆ మూడే మాటలు. నాలుగోది నీ నోట్లోంచి వస్తే పళ్ళు రాలగొడతా.”

“మూరెడు.”

“ఆఁ. దీనికి గీత పడిందనుకో, కొన్నవాళ్ళు వెనక్కి పంపేస్తారు. ఓనర్ మునుగుతాడు. ఆయన కన్నా ముందు నేను మునుగుతా. ఆ పైన నాకు ఎవడూ బండివ్వడు. బుర్రకెక్కిందా, మొద్దూ?”

“ఎక్కింది.”

“మరి ఆ వాకీటాకీ బటన్ మీద వేలెందుకు? నువ్వు నొక్కి పట్టుకుంటే నేను తిట్టే తిట్లన్నీ ముందు కారులో ఓనర్‌కి వినిపిస్తాయి, ఆయన మాట మనకి రాదు. ఎన్నిసార్లు చెప్పాలి?”

“తీసేశా. ఇదిగో, నువ్వే మాట్లాడు.”

“ఓనర్‌గారూ, దుకాణాల్లో జనాన్ని పంపించేశారా?”

“అందర్నీ పంపించేశా పెద్దాయనా. ఆ దర్జీ కొట్టు స్తంభం ఒక్కటీ చూసుకో, బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేను మలుపు అవతలున్నా, నాకు మీరు కనబడరు.”

“నేను చూసుకుంటా సార్. ఒరేయ్, తీసుకో ఇది.”

“మామయ్యా, ఈ మలుపు నాకిస్తానన్నావు.”

“అన్నానా?”

“పోయిన ట్రిప్పులో అన్నావు. అంతకు ముందూ అన్నావు. అమ్మ ఎదురుగా కూడా అన్నావు.”

“మీ అమ్మ ఎదురుగా ఎన్నో అంటాను. మా అక్క కదా, కాదంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ముందు చూడ్డం నేర్చుకో. నడపడం తర్వాత.”

“ఏడాదిగా చూస్తూనే ఉన్నా.”

“చూడ్డమే పనిరా. స్టీరింగ్ తిప్పడానికి కోతి చాలు. వస్తున్నా. ఎడమ?”

“మూరెడు.”

“ఇప్పుడు?”

“జానెడు.”

“ఇప్పుడు?”

“ఆపు మామయ్యా, ఆపు. తోపుడు బండి.”

“ఆపా. ఎక్కడ?”

“ఎడమ వైపే. స్తంభం పక్కన, ఎర్ర గొడుగేసుకుని. కనబడట్లేదా?”

“ఎందుకు కనబడదు? అంత గొడుగు కనబడకుండా ఉంటుందా? వెధవ, దారికడ్డంగా పెట్టుకున్నాడు. పొమ్మను వాణ్ణి.”

“అద్దంలో బాగా చూడు.”

“చూశానురా. ఎర్రగా, ఇంత గొడుగు.”

“మామయ్యా, అక్కడ బండి లేదు. గొడుగూ లేదు.”

“...వెళ్ళిపోయాడేమో.”

“అసలు ఎవడూ లేడు. స్తంభం మాత్రం ఉంది, బెత్తెడు దూరంలో. అదొక్కటే నిజం.”

“ఇంత లోడు నెత్తిన పెట్టుకుని నాతో పరాచికాలా?”

“ఎప్పట్నుంచి కనబడట్లేదు?”

“ఏది?”

“ఎడమ కన్ను.”

“దుమ్ము పడిందిరా. పొద్దున్న టైర్లు చూస్తుంటే...”

“నేను చేరిన రోజు కూడా దుమ్మే అన్నావు.”

“గట్టిగా అనకు.”

“కిటికీ అద్దం ఎక్కించేశా. ఇక్కడెవరున్నారు వినడానికి? నేనేగా.”

“...నువ్వు రాక ముందు నుంచే. మొదట్లో మసక మసగ్గా ఉండేది. ఇప్పుడు పూర్తిగా పోయింది. మీ అత్తకి కూడా చెప్పలేదు. కంచానికి ఎడమగా దూరంగా పెట్టిన గిన్నె ముట్టుకోవట్లేదని, నా వంట మొహం మొత్తిందా అని సాధిస్తుంది.”

“డాక్టరు దగ్గరికి?”

“వెళ్తే ఏమంటాడు? బండెక్కొద్దంటాడు. ఇది తప్ప నాకింకేం వచ్చురా? భయమేస్తుంది. అరుస్తాను కదా, ఆ అరుపంతా భయమేరా.”

“అందుకే నన్ను తెచ్చుకున్నావా?”

“పరాయివాణ్ణి పెట్టుకుంటే ఊరంతా చాటింపేస్తాడు. నువ్వైతే మా అక్క కొడుకువి. కడుపులో దాచుకుంటావు.”

“నేర్పడానికి కాదన్నమాట.”

“నేర్పితే...”

“నేర్పితే?”

“నేర్పితే నా సీట్లో నువ్వు కూర్చుంటావు. నేనెక్కడ కూర్చోవాలి? నిజం అడిగావు, చెప్తున్నా. నువ్వు ఎప్పుడో నడపగలవు. నాకన్నా బాగా నడుపుతావు. అందుకే ఇవ్వలేదు.”

“క్లీనర్‌కి మా పిల్లని ఇవ్వం అని, నన్ను చూసుకోవడానికొచ్చిన సంబంధం వాళ్ళు వెనక్కి పోయారు మామయ్యా.”

“తెలుసు.”

“పోయే ముందు నీ దగ్గరికొచ్చారట. వీడు డ్రైవరెప్పుడవుతాడని అడిగారట.”

“వచ్చారు.”

“ఏం చెప్పావు?”

“...చేతకానివాడని చెప్పా. ఏం చెయ్యమంటావు? పెళ్ళయితే నా పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటావు? సర్లే, ఇంటికెళ్ళాక తీరిగ్గా తిట్టుకో. ఆ ముందున్న కారు మూగబోయిందేంటి? ఓనర్ ఇంతసేపు అరవకుండా ఉండడే. ఆ వాకీటాకీ ఏదీ?”

“నా తొడ కింద ఉంది.”

“తొడ కిందా?”

“బటన్ నొక్కే ఉంది మామయ్యా. ఎర్ర గొడుగు దగ్గర్నుంచీ.”

“ఒరేయ్...”

“ఓనర్‌గారూ, అంతా ఆయన నోటితోనే విన్నారుగా. ఇక సీటు నాకిస్తారా? బటన్ వదిలేస్తున్నా, చెప్పండి.”

“అయిపోయిందా మీ పంచాయితీ? కొత్త సంగతేమన్నా ఉంటే చెప్పు బాబూ. మీ మామయ్య కన్ను సంగతి నాకెప్పుడో తెలుసు.”

“నా కన్ను సంగతి తెలుసా సార్?”

“నువ్వు మన షెడ్డు గేటుని గీకేసి, గేటుదే తప్పన్న రోజే తెలిసింది పెద్దాయనా. మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటానంటే వెంటనే ఒప్పుకున్నా, ఎందుకనుకున్నావు? కన్ను పోయిన డ్రైవరు సెలవు అడగడు, గొంతు పెంచడు, ఇంకో ఓనర్ దగ్గరికి పోడు.”

“మరి నేను సార్?”

“నువ్వు ఆయన కన్నువి. కన్నుకి సీటెందుకు? మీరిద్దరూ కలిస్తే నాకొక మంచి డ్రైవరు. ఎవరు తగ్గినా ఇద్దరూ ఇంటికే. ఇక నోరు మూసుకుని ఎడమ వైపు చూసి చెప్పు. రోడ్డు ఎంతసేపు ఆపమంటావు?”

“...ఒరేయ్. వింటున్నావా?”

“వింటున్నా.”

“నువ్వు చేసింది నేను మర్చిపోను. నేను చేసింది నువ్వూ మర్చిపోవు. ఆ సంగతి తర్వాత. లోడు మలుపు మధ్యలో ఉంది, గీత పడితే నా బతుకు ఈ వీధిలోనే ఆఖరు. స్తంభం ఎంత దూరం?”

“అద్దం దించి చూస్తా ఉండు.”

“చూడు. తల బయట పెట్టి చూడు. ఎంత?”

“మూరెడు.”

“ఇందాక బెత్తెడన్నావు. అదొక్కటే నిజమన్నావు.”

“ఇందాక అన్నీ అబద్ధాలే ఆడా కదా.”

“మూరెడేనా? మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు.”

“మధ్యలో అమ్మెందుకు మామయ్యా? నీ మీదే ఒట్టు. ఎడమకి కొట్టి రా.”