ఒంటిచేతి భోజనం

గొట్టం తోసెయ్యకురా! పీల్చు, మెల్లగా పీల్చు. దవడకి తీగలు కట్టగలిగారు గానీ నీ మొండితనానికి ఎవరూ కట్టలేకపోయారు. సూపు చప్పగా ఉందా? ఉంటుంది మరి. ఉప్పు తగ్గించమంది డాక్టరమ్మ. నన్ను గుడ్లురిమి చూస్తే ఏం లాభం?

సరే, పక్కన పెట్టేస్తున్నా. ఇటు చూడు తమ్ముడూ, నీతో మాట్లాడాలి. ఆ ఇన్‌స్పెక్టరు కింద ఉన్నాడు. ఇంకాసేపట్లో పైకొస్తాడు. నువ్వు నోరు మెదపలేవు కాబట్టి ఒక్కటే అడుగుతాడట. బండి నడుపుతూ తింటున్నావా, లేదా? అవునంటే తల ఊపాలి, కాదంటే అడ్డంగా తిప్పాలి. అంతే.

మీ ఓనరు పొద్దున మళ్లీ ఫోన్ చేశాడు. "మీవాణ్ణి తల అడ్డంగా తిప్పమనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఏం చూసుకుంటాడో తెలుసా? నీ బండి గుద్దేసిన ఆ మనిషే, రోడ్డు మీద తెల్లగీతలు వేసే అతనే, తన చుట్టూ ఎర్ర కోన్లు సరిగ్గా పెట్టుకోలేదని తేలుస్తాడు. అతని పని పోతుంది. నీ పని ఉంటుంది.

ఏంటా చెయ్యి ఊపడం? తెలుసురా! ఐసు బండి ఆపితే సరుకు నీళ్లయిపోతుంది, చేపల దుకాణాలవాళ్లు నీ పీక మీద కూర్చుంటారు. చెట్టు నీడన ఆపుకుని తినే అదృష్టం మీకు లేదు. అది తెలిసే కదా నేను ఆ రొట్టె చుట్టలు కనిపెట్టింది!

అబ్బో, ఎంత మురిసిపోయానో! గుడ్డూ ఉల్లిపాయా రొట్టెలో పెట్టి, గట్టిగా చుట్టి, కింద సగానికి కాగితం మెలిపెట్టి... ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి నోటి దగ్గర. మీ ఫ్యాక్టరీ డ్రైవర్ల పెళ్లాలందరికీ పిలిచి మరీ నేర్పాను. అందరూ మెచ్చుకున్నారని నువ్వే కదా వచ్చి చెప్పావు?

ఆ రోజేం జరిగిందో నువ్వు చెప్పక్కర్లేదు. చుట్ట విడిపోయి ఉల్లిపాయ ప్యాంటు మీద పడుంటుంది. కిందకి చూసి ఉంటావు. ఒళ్లో టిఫిన్ డబ్బా జారిపోయి ఉంటుంది. నీ సామాన్లు తెచ్చుకుందామని బండి దగ్గరికి వెళ్తే, ఆ డబ్బా బ్రేకు కింద ఇరుక్కునే ఉంది. నేనే లాగి తీశాను. ఎవరూ చూడలేదు. ఇంటికి తెచ్చి శుభ్రంగా తోమేశాను కూడా.

కళ్లు మూసుకోకు. విను.

పక్క వార్డులో ఉన్న ఆ గీతలు వేసే అతని దగ్గరికి వెళ్లాను. వద్దని నిన్న కళ్లతోనే బతిమాలావు, అయినా వెళ్లాను. కాలు పైకి కట్టి ఉంచారు. నేను నీ అక్కనని తెలిసి కూడా కూర్చోమన్నాడురా! "ఎప్పుడూ పెట్టే చోటే కోన్లు పెట్టాననుకున్నానమ్మా. ఇంతమంది అంటున్నారంటే దగ్గరగా పెట్టేశానేమో. నావల్ల మీ తమ్ముడి మొహం పగిలింది" అని ఏడ్చాడు. నీకు క్షమాపణ చెప్పమన్నాడు. నీకు!

అతని తప్పు కాదని నాకు తెలుసు కదా!

ఆ మధ్యాహ్నం నేను ఫోన్ చేశాను, గుర్తుందా? "తిన్నావా?" అన్నాను. స్పీకరులో పెట్టి, నోట్లో ముద్దతో "తింటున్నా అక్కా" అన్నావు. చుట్టూ హారన్లు. నడుపుతూనా అని అడిగానా? అడగలేదు. "మిగిల్చి తెచ్చావంటే ఊరుకోను, మొత్తం తిను" అన్నాను. ముక్క మిగిలినా మూతి ముడుచుకునేదాన్ని కదా. నాకు భయపడి తిన్నావో, ఆకలై తిన్నావో, ఆ దేవుడికే తెలియాలి.

అందుకే... కోప్పడకు. ఇన్‌స్పెక్టరు కింద ఉన్నాడని చెప్పానే, ఆయన్ని ఊరికే చూసి రాలేదు. డబ్బా సంగతీ ఫోన్ సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయనేమన్నాడో తెలుసా? "మీరు బండిలో లేరు కదమ్మా, అతని నోటితోనే వినాలి" అన్నాడు. నోరెక్కడుందయ్యా వాడికి అన్నాను!

చెయ్యి లాక్కోకు. నీ ఉద్యోగం పోతుందని నాకు తెలీదా? కేసు పడుతుంది. లైసెన్సు పోతుంది. నీ పెళ్లాం నా మొహం చూడదు. నాకూ భయంగానే ఉందిరా. కానీ అక్కడ ఆ మనిషి తన తప్పేనని నమ్మేస్తున్నాడు. ఇంకో రెండ్రోజులు పోతే మనమూ నమ్మేస్తాం.

నువ్వు తల అడ్డంగా తిప్పితే నేను అబద్ధాలకోరునవుతాను. అవనీ. నిన్ను బలవంతం చెయ్యను. ఇన్నాళ్లూ చేసింది చాలు.

అదిగో, నర్సుతో మాట్లాడుతున్నాడు. వచ్చేస్తున్నాడు.

నన్ను చూడకురా. ఆయన్ని చూసి చెప్పు.