నేల తాకని చీపురు

మా బావ భూమయ్య మాట మొదలుపెడితే వినేవాళ్ళ చేతుల్లో చాయ చల్లారాల్సిందే. ఆ రోజు సాయంత్రం ఒమాన్‌లోని అజైబాలో, ఆయన పనిచేసే విల్లా మెట్ల మీద నలుగురం కూర్చున్నాం. బావ, డ్రైవర్ జావెద్ భాయ్, తోటపని చేసే అంజి, పక్క విల్లాలో వంట చేసే నేను. ఆరేళ్ళు ఆ ఇంట్లో అద్దెకున్న ఇంగ్లండు మేడం మధ్యాహ్నం విమానంలో తన దేశానికి వెళ్ళిపోయింది. పొద్దుగూకేలోపు ఇంటి యజమాని, అర్బాబ్, వస్తాడు. అప్పటికి ఇల్లు ఊడ్చి తాళాలు ఇవ్వాలి. తెరిచిన తలుపులోంచి నేల మీద సన్నటి దుమ్ము, ఆ దుమ్ములో మేడం చెప్పుల గుర్తులు కనిపిస్తున్నాయి. బావ మాత్రం ఊడవకుండా, ఆమె వదిలి వెళ్ళిన పుల్లల చీపురును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన భార్య, మా అక్క లస్మవ్వ, పోయి తొమ్మిది నెలలు. బావకు సెలవు దొరికేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. ఇక ఊరికి పోనేలేదు. నేను ఒమాన్ వచ్చి మూడు నెలలైనా ఆ రోజు ఎట్లా గడిచిందని నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు.

"మేడంది విక్కా అనే మతం," అన్నాడు బావ. "చందమామకు మొక్కుతది. మూలగదిల చిన్న బల్ల, దాని మీద నల్లపిడి కత్తి, వెండి గ్లాసు, ఓ కట్టెపుల్ల, మూడు కాళ్ళ ఇనుప గుండిగ. వచ్చిన కొత్తల ఆ కత్తి పట్టి చూస్తే వట్టి మొండిది. పాపమనిపించి మెట్టు రాయి మీద నూరి, ఉల్లిగడ్డలు కోసిన."

"తౌబా! పూజ కత్తితోనా?" అన్నాడు జావెద్ భాయ్.

"నాకేమెరుక! మేడం తల పట్టుకున్నది. 'భూమయ్యా, అది కోసే కత్తి కాదు, గాలిల గిరి గీసే కత్తి' అన్నది."

ఇంతవరకు నిజమే. ఉల్లిగడ్డల సంగతి మేడం నాకూ చెప్పి నవ్వింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మే నెల, బయట యాభై డిగ్రీలు, ఏసీ పోయింది. నేను ఆ కత్తితోని ఇంటి చుట్టూ గిరి గీసిన. ఇగ ఎండ లోపలికి వస్తే ఒట్టు! దుప్పటి కప్పుకున్నం. ఒక ఒంటె అటు పోతా ముందటి కాళ్ళు గిరి లోపల పెట్టింది. ముందటి కాళ్ళు గజగజ వణుకుతున్నయి, వెనక కాళ్ళకు చెమటలు కారుతున్నయి."

అంజి నవ్వుతూ చాయ మింగబోయి పొలమారాడు. "గుండిగ సంగతి చెప్పు కాకా."

"గుండిగల పిడికెడు బియ్యం పోసిన. మా పాత కూలీల కాంపుల నాలుగొందల మంది కడుపు నిండ తిన్నరు. అడుగంటింది గీకితే మళ్ళ నూరు మందికొచ్చింది. దానికేం గానీ, అల్ ఖౌద్ వాగుకు వరద వచ్చిన నాడు ఆ కట్టెపుల్ల చూపించిన సూడు, వాగు గోడ లెక్క నిలబడ్డది. కిటికీల నుంచి చూసినట్టు చేపలు చూస్తున్నయి. ఒక చేప టైమెంతైందని అడిగింది."

"ఏ భాషల?"

"అరబ్బీలనే. ఇక్కడి చేప గదా!"

జావెద్ భాయ్ గడియారం చూసుకున్నాడు. "టైమంటే యాదికొచ్చింది భూమన్నా. ఇల్లు సాఫ్ చెయ్యాలె."

బావ విననట్టే చీపురు పుల్లలు సవరించాడు. "ఇది అన్నిటికంటే పెద్దది. మేడం దీన్ని నేల తాకనియ్యది. గాలిలనే ఊడ్చి చెడును బయటికి పంపుతది. పోయిన వానకాలం ఊరి నుంచి ఫోన్ వచ్చింది, లస్మికి బాగలేదని. సెలవు అడిగితే రేపు చూద్దామన్నరు. రేపంటే నేనుంటనా? చీపురు మీద కూసున్న. సముద్రంల ఓడలు చీమల లెక్క. విమానం ఎదురొస్తే 'నాది అర్జెంటు, పక్కకు జరుగు' అన్న, జరిగింది. ఇక్కడ పొయ్యి మీది చాయ పొంగకముందే మా వాకిట్ల దిగిన."

ఎవరూ నవ్వలేదు.

"దిగి?" అన్నాడు అంజి మెల్లగా.

"లస్మి వాకిలి ఊడుస్తున్నది. 'చీపురు ఇటియ్యి, నేనూడుస్తా, నువ్వు కూసో' అన్న. గడప మీద కూసున్నది. నేను ఊడుస్తుంటే చూసింది. నవ్వుకుంట చూసింది. చూస్తనే..."

"బావా," అన్నాను. అనాలని అనుకోలేదు. "ఆ రోజు వాకిలి ఊడ్చింది నేను."

ఆయన చేయి చీపురు మీద ఆగిపోయింది.

"అక్క పది దినాల నుంచి మంచమే దిగలే. అక్కను తీస్కపోయినంక ఇల్లూ వాకిలీ నేనే ఊడ్చిన. ఒక్కొక్క అడుగు చూసుకుంట ఊడ్చిన. నీ అడుగు లేదు బావా."

భగవంతుడా, ఎందుకన్నాను అనిపించింది. తొమ్మిది నెలలు దాచిన మాట. అంజి తల దించుకున్నాడు.

బావ చీపురు వైపే చూస్తూ అడిగాడు. "మరి నేను ఇక్కడికి బయలెల్లిన నాడు ఎవరు ఊడ్చిన్రు?"

మా వైపు ప్రయాణమై పోయినవాళ్ళ వెనక వెంటనే ఇల్లు ఊడవం. వెంటనే ఊడ్చేది శవం లేచిన ఇంటినే.

"ఆ నాడు అక్క చీపురు దాచిపెట్టింది," అన్నాను. "అమ్మ ఊడవబోతే చెయ్యి పట్టుకున్నది. 'పోయినోడు మళ్ళ రావాలె' అన్నది. రెండు దినాలు నీ అడుగుల పక్క నుంచి నడిచినం."

బావ తల ఊపాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"అన్నా," జావెద్ భాయ్ గొంతు తగ్గించి అన్నాడు, "అర్బాబ్ వచ్చే వేళైంది. నువ్వు కూసో. నేనూ అంజీ ఊడుస్తం."

"వద్దు భాయ్. మేడం ఇంకా గాలిలనే ఉంది." బావ లేచాడు. "ఇల్లు చేరనీ. అర్బాబ్ తిడితే నన్ను తిడతడు. రేపు ఊడుస్తా."

చీపురు చంకన పెట్టుకుని తాళాల కోసం లోపలికి వెళ్ళాడు. దుమ్ములో మేడం అడుగుల మీద కాలు పడకుండా, గోడ పక్క నుంచి నడిచాడు.