ఫోన్లు ఒక్కొక్కటే వస్తాయి

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవేందిరా జావేదూ?"

"పనుండె అక్కా. ఇప్పుడే ఇంటికొచ్చినా. కోడ్ తెరిచినా, చెప్పు."

నంద్యాలలో పూర్ణిమ ఫోన్ చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. ఆళ్లగడ్డలో జావేద్ వింటున్నాడు. అంబులెన్సు పంపే ప్రోగ్రాంను రస్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసింది ఆమె, సరిచూసింది అతను. నిన్న ఆ ప్రోగ్రాం ఉన్న ఒక్క బండినీ ఇద్దరికి ఇస్తానని మాటిచ్చింది.

"ఏం చెప్పేదిరా? శిరివెళ్ల నుంచి ఒక ఫోను, కోయిలకుంట్ల నుంచి ఒక ఫోను. ఒకే క్షణంలో. రెండింటికీ బండి ఖాళీ అనే కనపడె. ఇద్దరికీ 'బండి బయల్దేరింది' అని మెసేజ్ పాయ. బండేమో శిరివెళ్లకు పాయ. ఆ పెద్దాయన పాపం, కోయిలకుంట్లలో కూతురింటికి వచ్చినోడంట, గుండె పట్టుకోని..."

"తెలుసక్కా."

"ఆ పాడు మెసేజ్ రాకుంటే ఆటోలోనన్నా ఏసుకోని పోయేటోళ్లు గదరా!"

"తెలుసంటాండా గదా. కొత్త కోడ్ చూద్దాం పా."

"రస్ట్ మొత్తుకునిందిరా. ఒకదాన్ని ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటాండారు, నేనొప్పుకోనని. నేనే అన్‌సేఫ్ అని రాసి దాని నోరు మూసినా. అన్‌సేఫ్ రాస్తే, ఎందుకు ప్రమాదం లేదో పైన కారణం రాయాలని నీకు నేర్పిందీ నేనే. ఏం కారణం రాసినానో తెల్సా?"

"'ఫోన్లు ఒక్కొక్కటే వస్తాయి, భయం లేదు.'"

"చదివినావా?"

"నిన్న చదివినా."

"నిన్ననా? మరి అప్పుడు..."

"అప్పుడు చదవలా. అక్క రాసిందంటే మనం చూసేదేముందిలే అని ఓకే కొట్టినా."

"నిన్ను అని ఏం లాభంలే. రాసిందాన్ని నేను, పాపం నాది."

"కొత్తది చూద్దామక్కా. నిన్నట్నుంచి బండి నిలిపేసినారు. ఇంకెవరికన్నా కావాల్సొస్తే?"

"నాకు చేతులాడ్డం లేదురా."

"నేను చూస్తాండా గదా. తాళం పెట్టినావు, బాగుంది. తాళం చేతికొచ్చినోడే బండి సంగతి చూడాల, రెండోవాడు ఆగాల. కానీ... ఈడ చూడు. బండి ఖాళీనా అని చూసి తాళం వదిలేస్తాండావు. మళ్లా తీసుకోని బండి ఇచ్చినట్లు రాస్తాండావు."

"అయితే?"

"ఆ సందులో రెండోవాడు దూరతాడు. వానికీ ఖాళీ అనే కనపడ్తాది."

"రస్ట్ ఏమీ అనలేదే!"

"తాళం లేకుండా ముట్టుకుంటే అరుస్తాది, అంతే. మధ్యలో ఎందుకు వదిలినావని అడగదు. అది మనమే చూడాల. చూసేదీ రాసేదీ ఒకే తాళం కింద పెట్టు."

"...పెట్టినా."

"చదువు. పైకి చదువు."

"ఏందిరా ఈ చాదస్తం, ఎప్పుడూ లేంది!"

"చదువక్కా."

"తాళం తీసుకునేది. బండి ఖాళీనా చూసేది. ఖాళీ అయితే ఈ ఫోనుకు ఇచ్చినట్లు రాసేది. అప్పుడు తాళం వదిలేది."

"బండి దొరకనోనికి?"

"'బండి లేదు, వేరేది చూసుకోండి' అని పోతాది."

"వెంటనే పోతాదా?"

"ఆ క్షణమే."

"సరే. ఓకే కొడ్తాండా."

"చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లుంది. జావేదూ, ఒక మాట. ఆ పోయిన పెద్దాయనకు ఒక కొడుకున్నాడంట. యాడుంటాడో కనుక్కో. పోయి కాళ్లు పట్టుకుంటా. నువ్వూ రా."

"వద్దు."

"భయమా?"

"వద్దక్కా. ఇప్పుడొద్దు."

"తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. రాసింది నేనని ఆయన ముందర చెప్పుకోకుంటే నాకు ముద్ద దిగదు."

"ఆ కొడుకు సరిగ్గా ఉంటే ఆయప్ప బతికేటోడు."

"ఛీ, అట్లనాకురా! తండ్రిని పోగొట్టుకున్నోన్ని పట్టుకోని... ఆ పిల్లోడేం చేసినాడు?"

"చదవకుండా ఓకే కొట్టినాడు. పోయింది మా అబ్బాజాన్, అక్కా."