ఊపిరి లేని మాటలు

హలో… ఆ, నేనే. నేను కాక ఈ ఇంట్లో మొదటి రింగుకే ఫోనెత్తేదెవరు…

బుల్లీ! నువ్వా? ఏమైంది? … ఏమీ కాకపోతే ఫోనెందుకు చేశావు?

ఓహో, సరుకుల పడవలో ఊళ్ళోకొచ్చావా. అక్కడైతే మామూలు ఫోను పలుకుతుందన్నమాట… అమ్మయ్య. పడవ ఊగిందా? … ఊగకపోతే అది పడవెలా అవుతుందే. లైఫ్ జాకెట్… వేసుకున్నావు. బెల్టులు కూడా… సరే సరే, అరవకు.

భయమా? నేనెప్పుడైనా భయపడ్డానా? … అది వేరు. ఆ రోజు దీవి నుంచి నీ మెసేజ్ రాలేదని మీ వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేశాను, అంతే. దీవి మునిగిపోయిందా అని అడిగాను. మర్యాదగానే అడిగాను.

ఇదిగో, ఒక మాట. నెల రోజులుగా నీ వాయిస్ మెసేజ్‌లు అలా ఉంటున్నాయేంటే? … అదే, రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు. 'అమ్మా, బాగున్నాను' అంటావు. అది నువ్వో, నీ బదులు పెట్టిన మిషనో తెలిసి చావదు…

నవ్వు, నవ్వు. నేను నిజంగానే అనుకున్నాను. నీకేదో అయిపోయిందనీ, ఆఫీసువాళ్ళు నీ గొంతుతో మిషను పెట్టి నన్ను మభ్యపెడుతున్నారనీ. లేకపోతే మొన్న 'మన కుక్కకి ఏ చెవి చిరిగింది' అని ఎందుకడిగాననుకున్నావు? … 'ఎడమది' అని నువ్వనేదాకా నాకు ముద్ద దిగితే ఒట్టు.

ఆ, చెప్పు… శాటిలైట్ లైను… సన్నం… గొంతుని కుదిస్తే గాని అందులో పట్టదు… తెలుసమ్మా. మీ అక్క చెప్పింది. ఏం, నాకు చెప్తే తెలియదా? ఎనిమిదో క్లాసు దగ్గర ఆగింది చదువే గాని చెవులు కాదు.

నేను చెప్తాను, తప్పయితే దిద్దు. గొంతుని సెకనుకి ఇన్ని వేలసార్లని కొలుస్తారు. ఎక్కువసార్లు కొలిస్తే అన్నీ పడతాయి గాని ఫైలు లావైపోతుంది. తక్కువసార్లు కొలిస్తే సన్నటి గాలి చప్పుళ్ళు రాలిపోతాయి, లావు గొంతే మిగులుతుంది. ఆ పైన సెకనుకి ఇన్ని బిట్లకి మించకూడదని బిగించారనుకో, మిషను మాటలకి మాత్రమే చోటిస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఉన్నదంతా పనికిరాని రొద అని తుడిచేస్తుంది… కరెక్టేనా? … చూశావా! 'అబ్బో' అంటే కాదు, మార్కులెయ్యి.

సరే. మరి దీవిలో నీతో పనిచేసే జనరేటరాయన నిన్న మెసేజ్ పంపాడు. నేనల్లిన స్వెట్టరు సరిపోయిందని… ఆ, నాకే. ఆయన వెనకాల సముద్రపు పక్షి అరిచింది, వినపడింది. టీ జుర్రుకున్నాడు, వినపడింది. ముక్కు ఎగబీల్చాడు పాపం, అదీ వినపడింది… అదే దీవి, అదే కంప్యూటరు, అదే సన్నటి లైను కదే మరి.

…

బుల్లీ?

మాట మార్చకు. ముందు ఇది విను.

అక్క నీ ఫైళ్ళు తెరిచి చూసింది. పాతవి సెకనుకి పదహారు వేలట. నెల నుంచి ఎనిమిది వేలు. బిట్లయితే పావు వంతుకి దిగిపోయాయి. వాటంతటవి దిగవట, ఎవరో చేత్తో దించాలట… 'ఎవరో ఏమో' ఏంటే, దొంగమొహమా!

లేదు, తిట్టడం లేదు. మెచ్చుకుంటున్నాను. చిన్నప్పుడు ఉబ్బసపు పిల్లికూతలు నాకు వినపడకూడదని దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకునేదానివి. ఇప్పుడు దుప్పటి బదులు కంప్యూటరు. చదువు బాగానే ఒంటబట్టింది.

చెప్పు. ఎప్పటి నుంచి ఆయాసం? … చలి మొదలైన దగ్గర్నుంచా. పీల్చే మందు? … అయిపోయిందా? … అయిపోతే ఊరుకున్నావా!

… నాకోసమా? నేను కంగారు పడతానని దాచావా? ఓసి పిచ్చిమొహమా, నువ్వు నిక్షేపంలా ఉన్నప్పుడు మాత్రం నేను కంగారు పడటం మానేశానా? ఎలాగూ పడేదాన్నే. ఆ పడేదేదో ఉన్నదానికి పడనివ్వరాదూ…

ఇంక మాట్లాడకు. ఫోను నోటి దగ్గర పెట్టు. ఊపిరి తీసుకో… వేషాలెయ్యకు, నిండా తియ్యి… ఊఁ… వదులు… మళ్ళీ…

…

మళ్ళీ…

ఆ. వినపడింది.

లేదే, ఏడవటం లేదు. జలుబు. నాకు జలుబు చెయ్యకూడదా?

ఆ తిరుగు పడవని వెళ్ళనీ… వెళ్ళనీ అన్నాను. వాన లెక్కలు నాలుగు రోజులు ఆ జనరేటరాయన రాసుకుంటాడు. స్వెట్టరు ఊరికే వచ్చిందనుకున్నాడా? … ముందు అక్కడ ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కో…

ఏంటీ? … ఎదురుగానా?

… ఎంతసేపట్నుంచి నిలబడ్డావే అక్కడ?

ఊఁ… ఊఁ… లోపలికెళ్తే ఏం చెప్తారోననా… అందుకా ఫోన్ చేసింది. నా తల్లే…

విను. ఆ భయం నాకప్పజెప్పెయ్. నాకు అలవాటే, నీకు చేతకాదు. నువ్వు చెయ్యాల్సింది మెట్లెక్కడమే. మెల్లగా… మాట్లాడకుండా ఎక్కు. నేను వింటూ ఉంటాను.

…

ఆగు, ఒక్క క్షణం నిలబడి ఊపిరి తీసుకో… ఆ, ఇప్పుడు ఎక్కు.

…

తలుపు తీశావు కదూ… ఎవరో 'రామ్మా' అంటున్నారు. మంచి గొంతే, డాక్టరమ్మేనేమో…

వెళ్ళు తల్లీ. ఏదీ దాచకుండా చెప్పు. బయటికొచ్చి నాకు చెయ్యి, ఏం చెప్పినా సరే. ఫోను పెట్టెయ్… నువ్వే పెట్టు, నాకు చేతులు రావడం లేదు…

పెట్టవే.

…