తిరిగి పలికే తూకం

నేనింక ఆ అడ్తి కమీషన్ దుకాణంల అడుగు పెట్ట, దస్తగిర్ భాయ్. ఇరవై ఏండ్ల సంది గీ గంజ్ మార్కెట్లనే ఉన్నవు, నీకు అందరు ఎరుకే. బాల్కొండల ఆ పసుపు గోదాము సేటుకు ఒక్క ఫోన్ కొట్టు. ప్రశాంత్ మంచోడు, తూకం తెలిసినోడు అని చెప్పు, చాలు.

ఏంది? మొన్ననే గదా చేరినవ్ అంటవా? అవ్, మూడు నెల్లే. అయితే?

నువ్వే చెప్పు. కాంటా మీద నేను "అరవై రెండు" అని పిలుస్త. పక్కనే హమాలీ పోశయ్య, గొంతు చించుకొని "అరవై రెండోయ్!" అంటడు. ఒక్క బస్తాకా? దినమంతా! నా మాట నాకే తిప్పి కొడ్తడు. చుట్టూ రైతులు. మనిషికి రోషం ఉంటదా, ఉండదా?

వర్ని రైస్‌మిల్లుల ఉన్నప్పుడు పద్నాలుగు బస్తాలుంటే లెక్క తప్పి నలభై అని పిలిచిన. ఒక్కసారి! నెల దినాలు "నలభై పటేల్" అని నవ్విండ్రు. ఇడిసిపెట్టి బోధన్ల సిమెంటు దుకాణం పట్టిన. అక్కడ ఇద్దరు గుమాస్తాలు ఫోన్ సూసుకుంట నవ్విండ్రు. నా ముచ్చటనే అనుకున్న. అదీ ఇడిసిన.

ఆఁ? వాళ్లకు వర్ని సంగతి ఎట్ల తెలుస్తదంటవా? మా ఇంటామె అఖిల గూడ గదే అడిగింది.

ఇయ్యాళ పగటీలి ఇంటికి పోయి, ఈ నౌకరి గూడ ఇడుస్తున్న అన్న. "బిడ్డకు మూడు బళ్లు మార్పించినవ్. ఈసారి నువ్వొక్కనివే పో, మేం రాం" అన్నది. అరిస్తే కోపమనుకుందును. బియ్యం చెరుక్కుంట, చల్లగ అన్నది. గందుకే భయం.

మా తాతకు ఒక ఎద్దు ఉండేదట, చెరుకు బండికి కట్టేది. కడితే చాలు, మొరాయించేదట. తాత కాడి మార్చిండు. ఇంకో కాడి తెచ్చిండు. ఆఖరికి బండే మార్చిండు. ఒకనాడు మా నాయనమ్మ ఎద్దును కడుగుతుంటే కనబడ్డది, మెడ మీద బొచ్చు కింద పుండు! చిన్నప్పుడు బాపు ఈ కథ చెప్తే పడి పడి నవ్వేటోన్ని. గిప్పుడు నవ్వొస్తలేదు.

అసలు సంగతి నీకు చెప్పలే భాయ్. పొద్దున పోశయ్యను నూకిన. అవును, ఈ చేతుల్తోనే. అరవై ఏండ్ల మనిషి, బస్తాల మీద ఎల్లెలుకల పడ్డడు. "నన్ను ఎక్కిరిస్తవా?" అని మీది నుంచి అరిచిన.

మోస్రా నుంచి వచ్చిన ముత్తవ్వ, అప్పుడు కాంటా మీదున్న పసుపు ఆమెదే, లేసొచ్చి ఆయనను పట్టుకున్నది. "గది నాకోసం కొడుకా" అన్నది. "నాకు అంకెలు చదవరావు. నువ్వు పిలిస్తే సగం వినబడది. ఆయన తిరిగి పిలిస్తెనే నా బస్తా ఎంత తూగిందో నాకు తెలుస్తది. గంజ్‌ల అన్ని కాంటాల కాడ గిట్లనే గదా!"

మూడు నెల్లు, భాయ్! ఇటు పక్కా, అటు పక్కా గట్లనే పిలుస్తుంటే, నా చెవులకు నా దుకాణం గొంతొక్కటే ఎట్ల వినబడ్డది?

మా దుకాణం సేటు నాలుగు తిట్టినా బాగుండు. పోశయ్య అంగీ దులుపుకొని, "రేపు ఏడింటికి పెద్ద కుప్ప ఉన్నది, జల్దీ రా" అన్నడు. గంతే. ఎల్లగొడితే పోదును గదా! తలుపులన్ని తెరిసే ఉన్నయి, ఎటూ పోరాకుండ అయింది.

ఇగో, ఇప్పుడు నువ్వు చాయ్ ఊదుకుంట మూతి తిప్పినవ్ సూడు... నన్ను సూసే అనుకున్న. ఒట్టు.

ఫోన్ లోపల పెట్టుకో. బాల్కొండల మాత్రం నవ్వనోళ్లు ఉంటరా?

రేపు పోత. నేను పిలుస్త, ఆయన తిరిగి పిలుస్తడు. ముత్తవ్వల కోసమే అని తెలిసి గూడ నా కడుపు మండుతది. మండనీ. ఎన్ని బస్తాల దాకా ఓర్చుకుంటనో, గది మాత్రం నన్ను అడగకు.